ఏ వాక్యం చదవాలో ఎవరు నిర్ణయిస్తారు?

కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన దళిత కార్మికుడు రోజూ బైబిలు చదవడాన్ని మన అంబేడ్కరైట్ వర్గాల్లో చాలామంది అతని సొంత భక్తి వ్యవహారంగా చూసి వదిలేస్తారు. అది అంతకంటే పెద్ద విషయమని నా వాదన. నేను బాప్తిస్మం తీసుకున్నవాణ్ణి కాను. రాయ్‌పూర్ శివార్లలోని సిల్తారాలో కాంట్రాక్టు కార్మికుల మీద పరిశోధన చేస్తున్నాను. కూలీ లెక్కలు అడగడానికి వెళ్లిన ఇళ్లలో పదే పదే ఎదురైన ప్రశ్న మాత్రం ఇది: "రోజూ వాక్యం చదవమంటున్నారు బాబూ, ఎలా చదవాలి?"

సిల్తారా అంటే స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలు, రోలింగ్ మిల్లులు, బిలాస్‌పూర్ హైవే మీద లారీల వరస. ఛత్తీస్‌గఢీ కార్మికుల పక్కనే, విజయనగరం–రాయ్‌పూర్ రైలు ఎక్కి వచ్చిన ఉత్తరాంధ్ర కుటుంబాలూ ఉన్నాయి. కొత్త విశ్వాసికి చర్చిలో దొరికే సలహా తెల్లవారుజామున, ఏకాంతంగా, ఏడాదిలో మొత్తం గ్రంథం ముగించమని. ప్రొటెస్టెంట్ బైబిల్లో 1,189 అధ్యాయాలున్నాయి. అంటే రోజుకు మూడుకు పైనే. నైట్ షిఫ్టు దిగి వచ్చేవాడికి తెల్లవారుజాము ఎక్కడిది? ఒకే గదిలో అయిదుగురు పడుకునే ఇంట్లో ఏకాంతం ఎక్కడిది? ఆదికాండం కథల మీదుగా ఉత్సాహంగా సాగిన చదువు లేవీయకాండంలోని బలుల నియమాల దగ్గర ఆగిపోతుంది. ఆగినవాడు తన విశ్వాసమే తక్కువనుకుంటాడు. తరవాత ఆదివారం పాస్టరు చదివి వినిపించే నాలుగు వచనాలతోనే సరిపెట్టుకుంటాడు.

అసలు సమస్య అక్కడే మొదలవుతుంది. పుస్తకం నీ చేతిలో ఉన్నా, ఏ భాగం చదవాలో మరొకరు నిర్ణయిస్తే ఆ పుస్తకం నీది కాదు. 1807లో లండన్‌లో బ్రిటిష్ వెస్టిండీస్ బానిసల కోసం ప్రత్యేకంగా ఒక బైబిలు అచ్చు వేశారు. అందులో ఇశ్రాయేలీయులు ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడిన కథ లేదు. యజమానులకు లోబడమనే మాటలు మాత్రం ఉన్నాయి. మనకు ఇది కొత్త పద్ధతి కాదు. వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసం పోయమన్న ధర్మసూత్రాల దేశం మనది. అక్కడ వినకుండా చేశారు, ఇక్కడ ఏరి వినిపించారు. రెండింటి ఉద్దేశమూ ఒకటే.

అందుకే సిల్తారా కార్మికుడు తన కళ్లతో, వరసగా, ఏదీ వదలకుండా చదవాలంటాను. నిర్గమకాండం అయిదో అధ్యాయంలో ఫరో ఇటుకలకు గడ్డి ఇవ్వడం మానేస్తాడు, కానీ రోజువారీ ఇటుకల లెక్క మాత్రం తగ్గించడు. టార్గెట్ కింద నలిగే మనిషికి ఇది ఎవరూ వివరించనక్కరలేదు. యాకోబు పత్రిక చివరి అధ్యాయం కోత కూలీల జీతం బిగబట్టిన ధనవంతుల్ని నిలదీస్తుంది. ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయంలో దాసులు యజమానులకు లోబడాలన్న మాటా అదే పుస్తకంలో ఉంది. దాన్నీ చదవాలి, ప్రశ్నించాలి. ప్రశ్న లేకుండా చదివే అలవాటు పాత విధేయతకే కొత్త పేరవుతుంది.

మరి అలవాటు ఎలా నిలుస్తుంది? నేను చూసినంతలో, పెద్ద ప్రణాళికలు నిలవలేదు, చిన్నవి నిలిచాయి. పదహారు అధ్యాయాల మార్కు సువార్తతో మొదలుపెట్టి, రోజుకు ఒక పేరా. గడియారం చూసి కాకుండా పనికి ముడిపెట్టి, అంటే షిఫ్టు దిగి, స్నానం చేసి, అన్నానికి ముందు. ఒంటరిగా కాకుండా బిగ్గరగా, ఇంకొకరితో కలిసి. ఇక్కడి తెలుగు ఇళ్లలో పెద్దలకు తెలుగు వచ్చు, చదవడం రాదు. పిల్లలకు చదవడం వచ్చు, అయితే హిందీలో. పిల్ల హిందీ బైబిలు చదువుతుంది, తల్లి తెలుగులో చర్చిస్తుంది. పాత తెలుగు అనువాదంలోని గ్రాంథికం అడ్డుపడితే వాడుక భాషలో వచ్చినవి ఉన్నాయి. ఒక రోజు తప్పితే మర్నాడు ఆగిన చోటినుంచే మొదలుపెట్టాలి. తప్పిన రోజుల బాకీ తీర్చనక్కరలేదు.

ఈ అలవాటుకు భక్తితో సంబంధం లేని ఆటంకాలూ ఉన్నాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు ఇంకా బయటే ఉన్నారు. క్రైస్తవంలోకి మారిన పాస్టరు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. ఇలాంటి వార్త విన్న ఇంట్లో బైబిలు ట్రంకుపెట్టె అడుగుకు చేరితే తప్పెవరిది? 1968లో అవిభక్త మధ్యప్రదేశ్ తెచ్చి, 2000లో ఛత్తీస్‌గఢ్‌కు సంక్రమించిన మతస్వేచ్ఛ చట్టం బలవంతపు మార్పిడికి ఒక శిక్ష వేసి, మారినవారు స్త్రీలో, మైనర్లో, ఎస్సీ, ఎస్టీలో అయితే దాన్ని రెట్టింపు చేసింది. రక్షణ పేరుతో ఎదిగిన దళితుణ్ణీ, ఆదివాసీనీ, స్త్రీనీ మైనర్ల పక్కన నిలబెట్టింది. వీళ్లకు సొంతంగా ఆలోచించే శక్తి తక్కువన్న అనుమానం అందులో ఉంది. తాను నమ్మేదేమిటో తానే చదివి, అందులో నచ్చనిదాన్ని నచ్చలేదని చెప్పగల మనిషి ఆ అనుమానానికి సూటి జవాబు.

బాబాసాహెబ్‌కు ఈ సంగతి తెలుసు. బౌద్ధ సాహిత్యం విస్తారమైనదనీ, ఇతర మతాలవాళ్లకు వెంట తీసుకెళ్లి ఎక్కడైనా చదువుకునే ఒకే గ్రంథం ఉండటం వాళ్ల బలమనీ 1950లో మహాబోధి పత్రిక వ్యాసంలో రాశారు. బౌద్ధులకూ అలాంటి బైబిలు కావాలన్నారు. ఆయన పోయాక 1957లో వచ్చిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' ఆ లోటు తీర్చింది. మతం మారినంత మాత్రాన కులం పోదని భారత క్రైస్తవం గురించి నిక్కచ్చిగా రాసిందీ ఆయనే. ఈ రెండు మాటలనూ కలిపే చదవాలి. గ్రంథం చేతిలో ఉండాలి, చర్చిలోని కులాన్ని ప్రశ్నించే నోరూ ఉండాలి.

విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనం ఈ బస్తీలకు సర్వే ఫారాలతో వెళ్తాం. కాస్త అక్షరాలు కూడా తీసుకెళ్దాం. వ్యాఖ్యానం చెప్పొద్దు, మతం మార్చుకోమనీ మానుకోమనీ చెప్పొద్దు. ఆ తల్లికి తెలుగు అక్షరాలు నేర్పితే చాలు. ఆమె చదివేది మార్కు సువార్త కావచ్చు, ధమ్మ గ్రంథం కావచ్చు, జీతం చీటీ కావచ్చు. ఏది ముందు చదవాలో ఆమే నిర్ణయించుకుంటుంది.