భూమి లెక్కకు కాపలా ఎవరు?

కరణం దస్త్రం పోయి కంప్యూటరు వచ్చింది.. దిద్దుబాటుకు జవాబుదారీతనమే అసలు ప్రశ్న

నందికొట్కూరు: సర్వే నంబరులో ఒక్క అంకె తారుమారైతే చాలు.. సొంత పొలం వేరొకరి ఖాతాలో కనబడుతుంది. బ్యాంకు రుణం అందదు, రిజిస్ట్రేషన్‌ ముందుకు సాగదు. కేసీ కాలువను నమ్ముకున్న ఈ ప్రాంత రైతుకు కాలువ నీరు ఎంత అవసరమో, రెవెన్యూ కంప్యూటరులో తన పేరిట ఉన్న ఆ ఒక్క వరుసా నేడు అంతే అవసరం. ఆ వరుసను నమోదు చేసి, సరిదిద్ది, భద్రపరిచే డేటాబేస్‌ సిబ్బంది పని మాత్రం ఎన్నడూ చర్చకు రావడం లేదు.

దస్త్రం నుంచి పోర్టల్‌కు
1984లో రద్దయ్యే వరకు గ్రామ లెక్కలు కరణాల చేతిలో ఉండేవి. 1998లో ‘కార్డ్‌’ ప్రాజెక్టుతో ఉమ్మడి రాష్ట్రంలోని సబ్‌రిజిస్ట్రార్‌ కార్యాలయాలకు కంప్యూటర్లు వచ్చాయి. తరువాత అడంగల్‌, 1బి వివరాలు వెబ్‌ల్యాండ్‌కు చేరాయి. 2015లో వచ్చిన ‘మీ భూమి’తో వాటిని ఎక్కడినుంచైనా చూసుకునే వీలు కలిగింది. 2020 డిసెంబరు 21న రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. 2022 ఏప్రిల్‌ 4న నందికొట్కూరు కర్నూలు జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన నంద్యాల జిల్లాలోకి వచ్చింది. ఇలా రూపం మారిన ప్రతిసారీ పాత లెక్క కొత్త లెక్కలోకి ఎక్కాల్సిందే. పొరపాట్లకు ఎక్కువ ఆస్కారం అక్కడే. రీసర్వే అనంతరం విస్తీర్ణంలో తేడాలు, పలువురి భూములు ఒకే పటంలో చేరిన ‘జాయింట్‌ ఎల్‌పీఎం’లపై రాష్ట్రవ్యాప్తంగా ఫిర్యాదులు రావడమే ఇందుకు నిదర్శనం.

జాడ లేని దిద్దుబాటు
కాగితంపై కొట్టివేత కంటికి కనబడుతుంది. సిరా తేడా గుట్టు విప్పుతుంది. డేటాబేస్‌లో పాత అంకెపై కొత్త అంకె రాస్తే పాతది ఆనవాలు లేకుండా పోతుంది. అందుకే ప్రతి మార్పునూ ఎవరు, ఎప్పుడు, ఏ ఉత్తర్వుపై చేశారో విడిగా నమోదు చేయడం ఈ వృత్తిలో తొలి నియమం. అధికారి పాస్‌వర్డు మరొకరి చేతిలో ఉంటే ఆ నమోదు కూడా అబద్ధమే చెబుతుంది. యంత్రం తప్పుచేయదన్న నమ్మకం కన్నా, తప్పుచేసింది ఎవరో చెప్పగల ఏర్పాటే రైతుకు రక్ష.

పొరుగు పాఠాలు
తెలంగాణలో 2020 అక్టోబరు 29న ‘ధరణి’ ప్రారంభమైంది. తప్పొప్పులు సరిదిద్దే అధికారం స్థానికంగా కొరవడి అక్కడి రైతులు ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగారు. చివరకు 2025 ఏప్రిల్‌ 14న అప్పీలుకు అవకాశం ఇస్తూ ‘భూభారతి’ని తేవాల్సివచ్చింది. 2024 జులైలో మదనపల్లె సబ్‌కలెక్టర్‌ కార్యాలయంలో దస్త్రాలు కాలిబూడిదయ్యాయి. కాగితమైనా, కంప్యూటరైనా మరోచోట నకలు లేకపోతే ఆపద ఒక్కటేనని ఆ ఘటన చాటింది. ఆంధ్రప్రదేశ్‌ భూహక్కు చట్టం 2024లో రద్దు కావడానికీ ప్రజల్లో నెలకొన్న అపనమ్మకమే ప్రధాన కారణం. నమ్మకం లేనిచోట సాంకేతికత నిలవదన్నది వీటి సారాంశం.

చేయాల్సిందేమిటి?
మార్పుల చరిత్ర అధికారికే కాదు, పట్టాదారుకూ కనబడాలి. ఖాతాలో మార్పు జరిగిన వెంటనే ఫోన్‌కు సందేశం చేరాలి. ఆపరేటర్లకు శిక్షణతోపాటు బాధ్యతనూ స్పష్టంగా నిర్దేశించాలి. నకళ్లను దాచడంతో సరిపెట్టకుండా, వాటినుంచి వివరాలు తిరిగి వస్తున్నాయో లేదో తరచూ పరీక్షించాలి. 1బి వివరాలను గ్రామసభలో చదివి వినిపిస్తే హద్దులు తెలిసిన పెద్దలే సగం తప్పులు పట్టేస్తారు. తెరపై కనబడే లెక్క, పొలంలో ఉన్న గట్టు ఒక్కటైననాడే కంప్యూటరీకరణకు సార్థకత.