గడ్డి కోసేది మనం, బెంచీ ఎవరిది?

హైదరాబాదు పడమటి దిక్కున నార్సింగి, కోకాపేట పోయి చూడండి. చుట్టూ గోడ కట్టి, గేటు పెట్టి, లోపల గడ్డి పెంచుకున్న కొత్త ఊళ్లు. ఆ గడ్డి దానంతటదే పచ్చగ ఉండదు. పాలమూరు నుంచి వలసొచ్చిన అక్కలు గొంతుక్కూచుని కలుపు పీకితే, మన తమ్ముళ్లు ఉత్త చేతుల్తో మందు కొడితే ఉంటది.

జీతం సంగతడిగితే, ఇండ్ల యజమానుల సంఘం వారు 'వాళ్లు మా మనుషులు కారు, ఏజెన్సీ మనుషులు' అంటారు. గడ్డి మాత్రం వీళ్లదే!

12,000 జీతమనుకోండి. పి.ఎఫ్. 12 శాతం, అంటే 1,440, ఈ.ఎస్.ఐ. 0.75 శాతం, 90 రూపాయలు కోత. ఏజెన్సీ తనవంతు 1,440, ఇంకో 390 కలిపి కట్టాలె. కట్టిండో లేదో కూలికి తెల్వదు. జ్వరమొచ్చి ఈ.ఎస్.ఐ. దవాఖానకు పోయిన నాడు తెలుస్తది. చలానా చూపందే బిల్లు ఇయ్యమని సంఘం ఒక్క మాట అంటే చాలు. లిఫ్టు ఆగితే గంటలో మెకానిక్కును రప్పించే పెద్దమనుషులకు ఇది చేతకాదా?

2023లో బెంగుళూరులో ఒక అపార్టుమెంటు సంఘం, పనివాళ్లు పార్కుల వంటి అందరి జాగాల్లో కూచోవద్దని సర్క్యులర్ తీసింది. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది సరే. కులం పేరు రాయకుండా అంటించే కాగితాన్ని ఏమనాలె?

కార్యకర్తలు పొద్దున పనికొచ్చే వేళ గేటు బయట నిలబడండి. ఒక్కొక్కరిని యు.ఏ.ఎన్. నంబరు, ఈ.ఎస్.ఐ. నంబరు అడగండి. లేనివాళ్ల పేర్లు రాసుకోండి.