పండిన కాడలను కోయవలదు

మా పాఠశాల తోటలో మామిడికొమ్మకు కొబ్బరిపీచుతో కట్టిన ఆర్కిడు మొక్క యొకటి కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట వార్షికోత్సవమునకు ముందు ఫిబ్రవరి మాసమున తోటను శుభ్రపరచుచు, దాని కాడలు ఆకులు రాల్చి పసుపువారి వ్రేలాడుచుండుట చూచి, ఇవి చచ్చినవని మేము తలంచితిమి. మేమే కత్తి యిచ్చి విద్యార్థులచేత వానిని కోయించితిమి. మొదట రెండు పొట్టి మోడులు మాత్రము మిగిలెను. ఉత్సవదినమున తోట చక్కగానే యుండెను గాని ఆ వేసవిని ఒక్క పువ్వైనను పూయలేదు. తరువాత వచ్చిన చివుళ్లు చీపురుపుల్లలంత సన్నముగా నుండెను. ఆ మొక్క తిరిగి కోలుకొనుటకు మూడేండ్లు పట్టినది. ట్రెయినింగు కళాశాలలో ప్రకృతిపాఠము చెప్పు విధము నేర్చియు, మేము మొక్కను పరీక్షింపకయే తీర్పు చెప్పితిమి. ఆ తప్పు మరియొకరు చేయకుండుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ మొక్క పేరు డెండ్రోబియం ఎఫిల్లం. ఎఫిల్లం అనగా ఆకులు లేనిది. ఇది మన తూర్పు కనుమల యడవులలో చెట్లపై పెరుగును. మన సామర్లకోటయందు 1781వ సంవత్సరము మొదలు పనిచేసిన విలియం రాక్స్‌బర్గు దొరగారు దీనిని వర్ణించి, 1795లో ఆరంభమైన తమ కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమున దీని పటమును ప్రకటించిరి. ఆ గ్రంథమునకు పటములు వ్రాసినవారు ఈ దేశపు చిత్రకారులే. ఆకులు లేకుండుటయే దాని పేరునకు కారణము కాగా, ఆకులు లేవని మేము దానిని కోయించితిమి!

చెట్లపై మొలచు మొక్కలన్నిటిని మనవారు బదనికలనుట వాడుక. కాని నిజమైన బదనిక తాను పట్టిన చెట్టు రసమును పీల్చును. ఆర్కిడు అట్లు చేయదు. దానికి చెట్టు కూర్చుండుటకు పీట మాత్రమే. దాని వేళ్లపై తెల్లని దూదివంటి పొర యుండును. వాన కురిసినప్పుడు ఆ పొర నీటిని పీల్చుకొనును. వాన లేని నెలలలో మొక్క బ్రదుకుట యెట్లు? ఇందులకే దాని కాడలు కండగలిగి యున్నవి. అవి నీటిని, ఆహారమును దాచుకొను గాదెలు. శీతకాలమున ఆకులు పండి రాలును. రాలుటకు ముందు ఆకులలోని నత్రజని మొదలగు సత్తువలో చాల భాగము తిరిగి కాడలోనికి పోవును. మార్చి, ఏప్రిలు మాసములలో ఆ బోసికాడల కణుపులయందే లేతగులాబి రంగు పూలు పూయును. పూచిన కాడ మరల ఆకు వేయదు. అయినను దాని మొదట పుట్టిన క్రొత్త చివురునకు వేళ్లు వచ్చి తన తిండి తాను సంపాదించుకొనువరకు ఆ ముసలికాడయే పోషించును. కాబట్టి పసుపువారిన కాడను కోయుట పంట చేతికి రాకమునుపే గాదెను తగులబెట్టుటవంటిది.

కొందరు పెద్దలు, పండుటాకులు తెగుళ్లకు నెలవు గదా, కోయుటయే మేలు గదా యని మమ్మడిగిరి. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. ముదిమిచేత వచ్చు పసుపు వేరు, వ్యాధిచేత వచ్చు పసుపు వేరు. మొదటిది మిక్కిలి పాత భాగమున మొదలై, మెల్లగా ఒక్కొక్క ఆకుగా నడచును. లేతచివుళ్లు ఆరోగ్యముగానే యుండును. రెండవదానియందు లేత ఆకులే పసుపువారవచ్చును, లేదా నీటిమచ్చలు లేచి, మెత్తబడి, దుర్వాసన పుట్టవచ్చును. అట్టి భాగమును వెంటనే కోయవలసినదే. కాని కత్తిని మంటలో కాల్చి చల్లార్చిన పిమ్మటనే మరియొక మొక్కను తాకవలయును. ఏలయనగా ఆర్కిడులకు సోకు వైరసు రోగములు కత్తివెంటనే వ్యాపించును.

పసుపును చూచి ఆకలియని ఎరువు వేయుట, దాహమని దినదినము నీరు గ్రుమ్మరించుట కూడ తప్పే. ఆకులు రాల్చిన కాలమున మొక్క విశ్రమించుచుండును. అప్పుడు ఎల్లప్పుడు తడిగా నున్నచో వేళ్లు క్రుళ్లును. కాడలు మిక్కిలి ముడుతపడకుండ అప్పుడప్పుడు కొలదిగా చిలికిన చాలును. చివురు లేచి వేళ్లు పారిన పిమ్మట నీరు, పలుచని ఎరువు హెచ్చింపవచ్చును. మొక్కను విడదీయునప్పుడు ప్రతిభాగమునను మూడు నాలుగు కాడలైన నుండవలయును. ముసలికాడ పూర్తిగా గోధుమరంగునకు మారి, నొక్కిన లోన డొల్లయై, కాగితమువలె ఎండినప్పుడే దానిని తీసివేయవచ్చును. పండిన కాడ వేరు, ఎండిన కాడ వేరు. ఈ భేదమును కంటితో గాక వ్రేలితో నొక్కి తెలిసికొనవలయును.

ఇందువలన మా యభిప్రాయ మిది. తోటపని గంటలో కత్తి పట్టు విద్యార్థికి ముందు ఒక పుస్తకము ఈయవలెను. ఏ ఆకు ఏ దినమున పండినది, చివురు ఎప్పుడు లేచినది అని అతడు ఒక సంవత్సరము వ్రాయవలెను. ఆ పిమ్మటనే కత్తి ఈయవలెను. వ్రాసిన బాలుడు తొందరపడి కోయడు. శుభ్రత మంచిదే గాని, ఉత్సవమునకు వచ్చినవారి కంటికొరకు మొక్క ప్రాణమును తీయుట శుభ్రత కాదు. అట్లే సెలవులలో అడవులకు పోవు బాలురు అచ్చటి ఆర్కిడులను ఊడబెరికి తేవలదు. అవి కొల్లగొట్టబడి తరుగుచున్నందుననే 1975లో అమలునకు వచ్చిన అంతర్జాతీయ ఒడంబడిక ఆర్కిడుల కుటుంబమునంతను తన రక్షణక్రిందికి తెచ్చినది.

ఈ యేడు వార్షికోత్సవమునకు దయచేయు తల్లిదండ్రులు మామిడికొమ్మనుండి వ్రేలాడు బోసికాడలను చూచి, ఉపాధ్యాయులు తోటను ఉపేక్షించిరని తలంపవలదని ప్రార్థించుచున్నాము. వానిని తెలిసియే యుంచితిమి. దగ్గరకు వచ్చి కణుపులను చూచినచో ఆవగింజలంత మొగ్గలు కనబడును. వీలున్నవారు ఏప్రిలు నెలలో మరియొకసారి దయచేసిన, మేము చెప్పినది నిజమో కాదో ఆ పూలే చెప్పును.