నేను లాక్కున్న నోటుబుక్కు



ఈ నెల ఒక తప్పుతో మొదలుపెడతాను. తప్పు నాదే.

2022 ఏప్రిల్‌లో డర్బన్ చుట్టుపక్కల కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. కొండచరియలు విరిగిపడ్డాయి. వంతెనలు కొట్టుకుపోయాయి. మన క్వాజులు-నటాల్‌లో 400 మందికి పైగా చనిపోయారు. బడులు మళ్ళీ తెరిచాక, నా ఎనిమిదో గ్రేడు తరగతిలో ఒక అబ్బాయి మాట్లాడటం మానేశాడు. ఆ వానలో వాళ్ళ ఇంటి వెనక గోడ కూలింది. వెనక గదిలో పడుకున్న అవ్వ పోయింది.

అతని పేరు చెప్పను. కొన్ని వివరాలు మార్చాను. అతనూ వాళ్ళమ్మా చదివి సరే అన్నాకే ఇది మీ ముందు పెడుతున్నాను.

పేరు పిలిస్తే తల ఊపేవాడు. అంతే. పాఠం జరుగుతుంటే నోటుబుక్కు వెనక పేజీల్లో బొమ్మలు గీసేవాడు. ఎప్పుడూ ఒకే బొమ్మ: నుదుటికి పట్టీ కట్టుకున్న పసుపు జుట్టు కుర్రాడు, వెనక తొమ్మిది తోకల నక్క. రెండుసార్లు వద్దని చెప్పాను. మూడోసారి నోటుబుక్కు లాక్కుని నా బల్ల సొరుగులో పెట్టేశాను. వాళ్ళమ్మకు ఫోను చేసి, "ఆ కార్టూన్లూ ఆటలూ మాన్పించండి, దారిలో పడతాడు" అని సలహా కూడా ఇచ్చాను.

ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "టీచర్, వాడు ఇంట్లో నోరు తెరిచేది ఆ నరుటో గురించి మాట్లాడటానికే. అదీ చెల్లెలితోనే" అంది.

నరుటో ఎవరో పెద్దవాళ్ళ కోసం చెబుతాను. జపాన్‌లో మసాషి కిషిమోతో 1999లో మొదలుపెట్టిన బొమ్మల కథ అది. ఒక పెద్ద నక్క ఊరి మీద పడి నాశనం చేస్తుంది. ఆ నక్కను అప్పుడే పుట్టిన నరుటో ఒంట్లో బంధిస్తారు. వాడికి తల్లీ తండ్రీ లేరు. ఊరివాళ్ళు వాణ్ణి చూసి దూరం జరుగుతారు. ఊరిని కూల్చినది తన లోపలే ఉంది. దానితోనే వాడు పెరగాలి. ఇప్పుడు ఆ అబ్బాయి బొమ్మను మళ్ళీ గుర్తు చేసుకోండి. నేను లాక్కున్నది ఏమిటో మీకే తెలుస్తుంది.

మా బడికి వారానికి ఒకరోజు ఒక మానసిక నిపుణురాలు వచ్చేవారు. నేను నోటుబుక్కు ఆవిడ చేతికి ఇవ్వబోయాను. ఆవిడ తీసుకోలేదు. "నాకు వద్దు. మీ చేత్తోనే అతనికి తిరిగి ఇవ్వండి" అన్నారు. ఇచ్చాను. అతను నా మొహం చూడలేదు. బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

లోపల ఏం మాట్లాడుకున్నారో ఆవిడ నాకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకూడదు కూడా. చాలా రోజుల తర్వాత ఆ అబ్బాయే చెప్పాడు: ఆవిడ అవ్వ గురించి అడగలేదట. నక్క గురించి అడిగారట. ఆ నక్క ఎప్పుడు నిద్ర లేస్తుంది? లేచినప్పుడు నరుటో ఏం చేస్తాడు? వాడికి ఎవరు తోడు?

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో చూడండి. "ఎలా ఉన్నావు?" అని పిల్లల్ని అడిగితే "ఫైన్" అంటారు. తలుపు మూసుకుంటుంది. అదే వాళ్ళకు ఇష్టమైన వీరుడి గురించి అడిగితే గంటసేపు చెబుతారు. చెబుతున్నది నరుటో భయం. కానీ అందులో తమ భయం కూడా కాస్త ఉంటుంది. దాన్ని కొంచెం దూరం నుంచి చూస్తారు. ఎప్పుడో ఒకరోజు "నాకూ అలాగే ఉంటుంది" అని వాళ్ళే అంటారు. నిపుణులు ఆ రోజు కోసం ఓపిగ్గా ఎదురుచూస్తారు. తొందరపెట్టరు.

కొన్నాళ్ళకు ఆవిడ నలుగురు పిల్లల్ని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడించారు. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారు చేసిన ఈ ఆట 1974లో వచ్చింది. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్ళు ఒక్కో వేషం ఎంచుకుంటారు. ఏదైనా కష్టమైన పని చేయాలంటే 20 ముఖాల పాచిక వేయాలి. పెద్ద సంఖ్య పడితే పని జరుగుతుంది. 1 పడితే చెడుతుంది. పక్కవాణ్ణి సాయం అడగాలి. తన వంతు వచ్చేదాకా ఆగాలి. ఓడిపోయినా బల్ల దగ్గరే కూర్చోవాలి. ఇవన్నీ నిజం బతుకులో చేతకాక బాధపడే పిల్లలు ఆటలో చేసి చూస్తారు. చికిత్సలో ఆడేటప్పుడు ఒక నియమం ఉంటుంది: ఎవరైనా ఎప్పుడైనా "ఆపండి" అనవచ్చు. వెంటనే ఆపుతారు.

ఒక మధ్యాహ్నం టీచర్లమైన మాతో కూడా ఆడించారు. నేను మందులు కలిపే ముసలమ్మను. మొదటి అరగంట సిగ్గుతో నోరు రాలేదు. తర్వాత ఆ ముసలమ్మే మాట్లాడటం మొదలుపెట్టింది! అప్పుడు నాకు మన గుడి పాఠశాల గుర్తొచ్చింది.

నాకు అప్పుడు పదేళ్ళు. పెద్దవాళ్ళు తెలుగులో ఏదైనా అడిగితే బిగుసుకుపోయేదాన్ని. తప్పు మాట్లాడితే నవ్వుతారని భయం. కానీ శ్రీరామనవమి నాటకంలో నాకు జాంబవంతుడి వేషం ఇచ్చారు. దూది గడ్డం పెట్టుకుని, అందరి ముందు నిలబడి, "హనుమా, నీ బలం నీకు తెలియదు" అని గట్టిగా చెప్పాను. ఒక్క మాట కూడా తడబడలేదు. తప్పు దొర్లితే అది జాంబవంతుడిది, నాది కాదు! తెలుగు నేర్చుకుంటున్న మీలో చాలామందికి ఇది తెలుసు. సొంత నోటితో రాని మాట, వేషం వేస్తే వస్తుంది.

తెలుగులో "పాత్ర" అనే మాటకు రెండు అర్థాలు. నాటకంలో వేషమూ పాత్రే, వంటింట్లో గిన్నే పాత్రే. వేడి పులుసును చేతుల్లో పట్టుకోలేం. గిన్నెలో పోస్తే మోయగలం. దుఃఖం కూడా అంతే అని ఇప్పుడు నాకు అనిపిస్తుంది.

ఇది మా ఒక్క బడి అనుభవమే కాదు. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు దిగులుతో ఉన్న యువత కోసం "స్పార్క్స్" అనే కంప్యూటర్ ఆట తయారు చేశారు. అందులో ఏడు మెట్లు. చెడ్డ ఆలోచనలు పురుగుల్లా ఎగురుతూ వస్తాయి. వాటిని గుర్తుపట్టి కొట్టాలి. 12 నుంచి 19 ఏళ్ళ వయసున్న 187 మందితో పరీక్షించి, 2012లో ఫలితాలు ప్రకటించారు. మామూలుగా ఇచ్చే చికిత్సకు ఈ ఆట తీసిపోలేదని తేలింది.

అలాగని పిల్లల్ని రాత్రి రెండింటి దాకా ఫోనుతో వదిలేయమని నేను అనడం లేదు. ఆట కూడా జబ్బు కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో గుర్తించింది. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, తిండీ నిద్రా చదువూ అన్నీ ఆట వెనక్కి పోవడం, నష్టం కనిపిస్తున్నా ఆడుతూనే ఉండటం దాని గుర్తులు. చికిత్సలో ఆటకు ఒక వేళ ఉంటుంది, ఒక ముగింపు ఉంటుంది, ఎదురుగా వినే మనిషి ఉంటుంది. ఆ మనిషి లేకపోతే అది ఉత్త ఆటే.

మీరు నిపుణులు కానవసరం లేదు. మీ పిల్లలకో మనవలకో ఇష్టమైన వీరుడు ఎవరో అడగండి. ఎందుకు ఇష్టమో అడగండి. తర్వాత ఊరుకుని వినండి. లేదా వాళ్ళతో తునీ ఆడండి. చేతిలో పేకలు ఉంటే, కళ్ళలోకి చూడకుండానే మాట్లాడుకోవచ్చు. కానీ బిడ్డ తినడం, నిద్రపోవడం మానేసినా, చచ్చిపోవాలని ఉందన్నా ఆటతో సరిపెట్టకండి. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. పిల్లల కోసం చైల్డ్‌లైన్ ఉంది. దాని నంబరు 116. ఫోను చేస్తే డబ్బు పడదు.

ఆ అబ్బాయి ఒక్కరోజులో మారిపోలేదు. ఇప్పటికీ గట్టి వాన పడితే కిటికీ వైపే చూస్తూ ఉంటాడు. కానీ ఆ ఏడాది చివర్లో, అందరూ వెళ్ళిపోయాక నా బల్ల దగ్గరికి వచ్చాడు. నోటుబుక్కు తెరిచి ముందు పెట్టాడు. నక్క పడుకుని ఉంది. దాని పక్కన చీర కట్టుకున్న ఒక ముసలావిడ కూర్చుని ఉంది.

"టీచర్, అవ్వ అని తెలుగులో ఎలా రాస్తారు?" అన్నాడు.

ఏప్రిల్ తర్వాత నన్ను అతను అడిగిన మొదటి ప్రశ్న అది. ఒక కాగితం మీద పెద్దగా రాసి ఇచ్చాను. వ కింద వ వత్తు ఎలా పెట్టాలో చూపించాను. అతను బొమ్మ కింద మూడుసార్లు రాశాడు. మూడోది బాగా వచ్చింది.

ఈ నెల మాటలు:
దిగులు: మనసులో ఉండిపోయే బాధ. "అతనికి అవ్వ మీద దిగులు."
ఊరట: బాధ కాస్త తగ్గడం. "మాట్లాడితే ఊరటగా ఉంటుంది."
పాచిక: ఆటలో విసిరే గవ్వ లాంటిది, ముఖాల మీద అంకెలు ఉంటాయి.
పాత్ర: గిన్నె, వేషం. రెండు అర్థాలతో రెండు వాక్యాలు రాసి, వచ్చే ఆదివారం గుడి తరగతికి తీసుకురండి.

వచ్చే నెల కలుద్దాం.