ఎలుకల కథ సగమే చెప్పారు



పొద్దుతిరుగుడు నూనె కణితులను పెంచుతుందని, కొబ్బరి నూనెతో ఆ భయం లేదని గత సంచికలో వ్యాసకర్త తేల్చేశారు. రొమ్ము క్యాన్సర్‌కు మందులు వాడుతున్న మా అక్క అది చదివి, అప్పుడే విప్పిన నూనె ప్యాకెట్‌ను సింకులో పారబోసింది. అందుకే ఈ ఉత్తరం.

వ్యాసకర్త ఆధారం చేసుకున్న, కెనడాలో కెన్నెత్ కారల్ బృందం చేసిన ఎలుకల ప్రయోగాలు నిజమే. అయితే ఆ ఎలుకలకు ముందుగా డీఎంబీఏ అనే రసాయనం పట్టించి కణితులు మొదలయ్యేలా చేశారు. తర్వాత పెట్టిన నూనె వాటి పెరుగుదలకు తోడ్పడింది, అంతే. పైగా 17 శాతం కొబ్బరి నూనెకు 3 శాతం పొద్దుతిరుగుడు నూనె కలిపి పెట్టినా, 20 శాతం పొద్దుతిరుగుడు నూనె తిన్న ఎలుకలకు వచ్చినట్టే కణితులు వచ్చాయి. అంటే కొబ్బరి నూనె వాటిని కాపాడలేదు. పొద్దుతిరుగుడు నూనెలోని లినోలిక్ ఆమ్లం కాస్త అందేసరికి మిగతా కొవ్వు కూడా కణితికి పనికొచ్చింది. 1985లో క్లెమెంట్ ఇప్ అనే పరిశోధకుడు తన ఎలుకల ప్రయోగాల్లో ఈ అవసరం పూర్తిగా తీరే హద్దు ఆహారంలో సుమారు 4 శాతం లినోలిక్ ఆమ్లమని చూపారు. చేప నూనెతో కణితులు తగ్గిన ప్రయోగాల ఊసే వ్యాసంలో లేదు.

మనుషులపై జరిగిన పెద్ద అధ్యయనాల్లో లినోలిక్ ఆమ్లానికీ రొమ్ము క్యాన్సర్‌కూ అలాంటి సంబంధం నిలకడగా కనబడలేదు. దయచేసి ఈ మాట కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

— ఒక పాఠకురాలు, విజయవాడ