స్వేచ్ఛ ఇచ్చారు, నేల ఇవ్వలేదు

దేశపటం ముందు నిలబడితే కొండ ఏది, నది ఏది, రేవు ఏది అని అడుగుతాం. బళ్ళో మేం పంతుళ్ళం నేర్పేదీ అంతే. కొండ మీద ఎవరున్నారు, నది వార ఎవరున్నారు, వాళ్ళని అక్కడికి తోలిందెవరు అని మాత్రం అడగం. అడిగామా, భూగోళం పాఠం కాస్తా భూమి పాఠం అయి కూర్చుంటుంది.

కరీబియన్ సముద్రంలో జమైకా అనే దీవి ఉంది. దాని తూర్పు కొసలో దక్షిణం వైపున్న జిల్లా పేరు సెయింట్ థామస్. జిల్లాని వాళ్ళు 'పారిష్' అంటారు. విస్తీర్ణం సుమారు 743 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల్లో జనం సుమారు 94 వేలు. చిన్న జిల్లానే. కానీ పేదోడికి నేల ఎట్లా దక్కకుండా పోతుందో తెలుసుకోవాలంటే ఈ జిల్లా చాలు.

ఉత్తరాన నీలి కొండలు. పెద్ద శిఖరం 7,400 అడుగుల ఎత్తు. ఆ కొండల్లోంచి యల్లాస్, మోరాంట్ నదులు దక్షిణానికి దిగి సముద్రంలో కలుస్తాయి. తూర్పు వైపు పారేది ప్లాంటేన్ గార్డెన్ నది. దాని లోయలో మంచి ఒండ్రు నేల. చెరకు పండేది అక్కడ, రేవుకి దగ్గర అక్కడ. అందుకే దొరల కన్ను అక్కడే పడింది. పల్లం దొరలకి పోయింది. రాళ్ళూ రప్పలూ ఉన్న మెరక మిగిలింది.

మొదట ఆ దీవి టైనో జనానిది. 1494లో కొలంబస్ వచ్చాడు. ఆ తర్వాత స్పెయిన్ వాళ్ళ చాకిరీతో, రోగాలతో టైనోలు దాదాపు తుడిచిపెట్టుకుపోయారు. 1655లో ఇంగ్లీషువాళ్ళు దీవిని గుంజుకున్నారు. మరుసటేడు నెవిస్ దీవి నుంచి సుమారు 1,600 మందిని తెచ్చి ఇదే జిల్లాలో పోర్ట్ మోరాంట్ దగ్గర దించారు. నెలల్లోనే జ్వరాలతో చాలామంది రాలిపోయారు. ఆ నేలని చివరికి సాగులోకి తెచ్చిందెవరు? ఆఫ్రికా నుంచి ఓడల్లో గొలుసులేసి తెచ్చిన మనుషులు. 1834లో బానిసత్వం రద్దయ్యేనాటికి జమైకాలో బానిసలు 3 లక్షల 11 వేల మంది. 1844 జనాభా లెక్కల్లో మొత్తం 3 లక్షల 77 వేల మందిలో తెల్లవాళ్ళు 16 వేలు కూడా లేరు. నేలంతా ఆ కొద్దిమంది చేతుల్లోనే.

రద్దు చేసినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం తన వలసలన్నిటికీ కలిపి 2 కోట్ల పౌన్ల నష్టపరిహారం ఇచ్చింది. ఎవరికి అనుకున్నారు? బానిసల యజమానులకి! తరతరాలు వెన్నెముక విరగ్గొట్టుకున్నోడికి ఒక్క కాసు లేదు, ఒక్క సెంటు లేదు. పైగా 1838 దాకా ఆ దొరకే పని చెయ్యమన్నారు. ఆ పరిహారం కోసం చేసిన అప్పు పూర్తిగా తీరింది 2015లో. అంటే దొరలకిచ్చిన సొమ్ముని నల్లవాళ్ళ మనవలూ మునిమనవలూ కూడా పన్నుల రూపంలో కట్టారన్నమాట.

స్వేచ్ఛ వచ్చాక ఏమైంది? ఉంటున్న గుడిసెకీ, కూర పండించుకునే చెక్కకీ దొరలు అద్దె పెట్టారు. కట్టలేనోణ్ణి వెళ్ళగొట్టారు. జనం కొండెక్కారు. స్టోనీ గట్ లాంటి పల్లెలు అట్లా పుట్టినవే. కింద కూలి పెరగకుండా దొరలు కొత్త కూలీల్ని దింపారు. బానిస ఓడల నుంచి విడిపించిన ఆఫ్రికన్లని కొన్ని వేలమందిని తెచ్చారు. 1845 నుంచి మన దేశం కూలీల్ని ఒప్పందాల మీద తెచ్చారు. ఎక్కువమంది కలకత్తా ఓడల్లో, కొందరు మద్రాసు ఓడల్లో. 1914 దాకా సుమారు 36 వేల మంది. ఒకడి కడుపు కొట్టడానికి ఇంకొకడి ఆకలిని వాడుకోవడం దొరలకి తెలిసినంతగా ఎవరికి తెలుసు?

1865లో కరువు. సెయింట్ ఆన్ జిల్లా పేదలు బంజరు భూమి ఇప్పించమని రాణికి అర్జీ పెట్టుకున్నారు. బుద్ధిగా కూలి చేసుకోండి అని జవాబొచ్చింది. గవర్నర్ ఎయిర్ దాన్ని అచ్చేయించి ఊరూరా పంచాడు. స్టోనీ గట్ రైతు, బాప్టిస్టు డీకన్ పాల్ బోగుల్ తన మనుషులతో గవర్నర్ని కలవడానికి దాదాపు 45 మైళ్ళు నడిచి వెళ్ళాడు. గవర్నర్ కలవనే లేదు. అప్పటి 4 లక్షల 36 వేల జనాభాలో ఓటున్న నల్లవాళ్ళు రెండు వేలు కూడా లేరు. ఇంక ఏ గడప తొక్కాలి?

అక్టోబర్ 11న బోగుల్ జనంతో మోరాంట్ బే కోర్టుకి నడిచాడు. సిపాయిలు కాల్చారు, ఏడుగురు పడిపోయారు. జనం కోర్టు తగలబెట్టారు. అధికారులూ సిపాయిలూ కలిసి 18 మంది చనిపోయారు. దానికి బదులుగా సైనిక పాలన పెట్టి 439 మందిని చంపారు, 600 మందిని కొరడాలతో కొట్టారు, వెయ్యి ఇళ్ళు తగలబెట్టారు. శాసనసభలో పేదల తరఫున మాట్లాడిన జార్జ్ విలియం గోర్డన్‌ని సైనిక పాలన లేని కింగ్‌స్టన్‌లో పట్టుకుని, ఓడలో మోరాంట్ బేకి తెచ్చి ఉరితీశారు. మరుసటి రోజు బోగుల్‌ని.

బోగుల్‌ని పట్టిచ్చిందెవరో కూడా చెప్పాలి. మరూన్లు. వాళ్ళూ బానిసత్వం నుంచి పారిపోయి కొండల్లో పోరాడినోళ్ళ పిల్లలే. 1739 ఒప్పందాల్లో ఇంగ్లీషువాడు వాళ్ళకి నేల ఇచ్చాడు, పారిపోయి వచ్చే మిగతా బానిసల్ని పట్టివ్వాలని షరతు పెట్టాడు. ఒక గుంపుకి కాస్త నేల చూపించి ఇంకో గుంపు మీదికి కాపలా పెట్టడం ఇదే.

ఆ తర్వాత ఉన్న శాసనసభ కూడా పోయి, 1866 నుంచి నేరుగా రాజు పాలన. 1867లో పక్కనున్న సెయింట్ డేవిడ్‌ని కలిపి జిల్లా గీతలు మార్చారు. అందరికీ ఓటు 1944లో వచ్చింది. బోగుల్, గోర్డన్ 1969లో జాతీయ వీరులయ్యారు. 2019లో గోల్డెన్ గ్రోవ్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడి, ఆ పల్లంలో కూలి కూడా పోయింది.

ఓటుకి 79 ఏళ్ళు ముందే అడిగింది నేల. విగ్రహాలు పెట్టడం సులువు, బంజరు పంచడం కష్టం. కాబట్టి మిత్రులారా, ఏ ప్రభుత్వమైనా మీకు విముక్తి ఇచ్చామని చెప్పినప్పుడు దండలేసే ముందు ఒక్క మాట అడగండి: పరిహారం ఎవరికి ముట్టింది? పల్లం ఎవరి పేరున ఉంది?