చీటీ రాస్తే బాధ్యత తీరిపోదు

రేపల్లెలో పడిపోయినా, బాపట్లలో పడిపోయినా బంధువుల చెవిన పడే మాట ఒకటే: "గుంటూరు తీసుకెళ్ళండి." ఆ మాట తప్పు కాదు. పెద్ద ప్రాణాపాయానికి పెద్దాసుపత్రే కావాలి. ఊపిరాడని మనిషిని ఊపిరాడని స్థితిలోనే బండెక్కించడం తప్పు. రిఫర్ చీటీ మీద సంతకంతో వైద్యుడి పని అయిపోయిందనుకోవడం అంతకన్నా పెద్ద తప్పు.

డెల్టాలో పాముకాటునే చూడండి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళను కాటేస్తుంది. పెద్దగా నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా సరిగా కనపడదు. కొన్ని గంటలకు కనురెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. ప్రాణం తీసేది అదే. యాంటీవెనమ్ ఎక్కించినా ఆ కండరాలు వెంటనే తేరుకోవు. అందాకా ముఖానికి మాస్కు బిగించి అంబు బ్యాగు నొక్కుతూ ఉంటే రోగి నిలుస్తాడు. అందుకు కావలసింది ఒక బ్యాగు, ఆక్సిజన్ సిలిండరు, శిక్షణ పొందిన రెండు చేతులు. రేపల్లె నుంచి తెనాలి మీదుగా గుంటూరు దాకా ఆ చేతులు ఆగకూడదు. పురుగుమందు తాగినవాళ్ళకూ అంతే. ఆర్గానోఫాస్ఫేట్ విషమైతే అట్రోపిన్ మొదటి ఆసుపత్రిలోనే పడాలి. గుంటూరు వెళ్ళాక చూస్తారులే అంటే, ఆ దారి పొడవునా విషం తన పని తాను చేసుకుపోతుంది.

ఇది న్యాయస్థానాలకు తెలియని సంగతి కాదు. కారు గుద్దిన ఓ స్కూటరిస్టును దగ్గరి ఆసుపత్రి చేర్చుకోలేదు. మెడికోలీగల్ కేసులు చూసే ఆసుపత్రికి, 20 కిలోమీటర్ల అవతలికి పొమ్మంది. దారిలోనే అతని ప్రాణం పోయింది. ఆ ఘటన మీద వచ్చిన వార్త నుంచి పుట్టిన పరమానంద కటారా కేసులో, ప్రాణం కాపాడటం ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ప్రతి వైద్యుడి విధి అని 1989లో సుప్రీంకోర్టు తేల్చింది. మంచాలు లేవంటూ రైలు నుంచి పడ్డ కూలీని కలకత్తాలో ఆసుపత్రి తర్వాత ఆసుపత్రి తిప్పి పంపితే, అది జీవించే హక్కుకే భంగమని 1996లో మళ్ళీ చెప్పింది. ఇంకెన్ని తీర్పులు కావాలి?

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలుపెట్టి దేశానికి దారి చూపింది మనమే. ఆ బండిలో వైద్యసాయం చేసే ఈఎంటీని, బండి నడిపే పైలట్‌ను ఇప్పటికీ మోతగాళ్ళలాగే చూస్తున్నాం. వైద్యం ఆసుపత్రి గడప దగ్గర కాదు, ఆ బండిలోనే మొదలవుతుంది. ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ఎండీ కోర్సుగా గుర్తించింది 2009లో. ఆ చదువు చదివిన వైద్యుడు తెనాలి, బాపట్ల, రేపల్లె క్యాజువాలిటీల్లో రాత్రిళ్ళు ఉండాలి. ఒక్క డ్యూటీ డాక్టరును అన్ని కేసులకూ నిలబెట్టి, చీటీ రాశాడని అతన్ని మాత్రమే తిట్టడం కూడా అన్యాయమే. అయితే రోగిని ఫలానా ప్రైవేటు ఆసుపత్రికి చేర్చి కమీషన్ పుచ్చుకునేవాళ్ళను క్షమించేది లేదు. వైద్యులకు కమీషన్లు నిషేధమని 2002 నాటి వృత్తి నియమావళే చెబుతోంది.

ఏ రోగినీ అవతలి డాక్టరుతో ఫోనులో మాట్లాడకుండా పంపకూడదు. ఊపిరికి ఆసరా, సెలైన్ లైను, పక్కన తెలిసిన మనిషి లేకుండా బండి కదలకూడదు. పంపిన డాక్టరు పేరు, పంపిన సమయం, అప్పటిదాకా చేసిన వైద్యం చీటీ మీద ఉండాలి. మీ వాళ్ళను బండెక్కించే ముందు ఇవన్నీ అడగండి. అడగడం మీ హక్కు.